పరకలకు గాలమా, విసురు వలా?

సముద్రం ఒడ్డున ఉండేటోళ్లకు కవళ్లు, నెత్తళ్లు అనే చేపలు గుంపులుగ వస్తయి. మన వరంగల్ దిక్కు గుంపు చేప అంటే పరకనే. వానలు పడి చెరువు నిండినంక పొద్దుగాల కట్ట మీద నిలబడితే, తూము పక్కన నీళ్ల మీద చినుకులు పడ్డట్టు చిటచిటమంటది. అవి పరకలు. వాటిని ఒడ్డు నుంచే పట్టాలంటే ఏది మేలని అడిగితే నేను గాలమే అంటా. వల విసరరాక అంటున్న మాట కాదు, ఏండ్ల తరబడి విసిరినంకనే అంటున్న.

వల గొప్ప వలదే. చేయి తిరిగినోడు విసిరితే గుండ్రంగ గొడుగు లెక్క విచ్చుకొని పడతది, అంచుకున్న సీసం గుండ్లు గుంపు చుట్టూ ఒక్కసారే దిగుతయి. పడితే ఒక్క విసురుకే కూరకు సరిపడ. పడకపోతే గుంపు చెదిరిపోతది, మళ్ల కూడేదాక కూసోవాలె. అడుగున తుంగ, తామర తీగలు, సర్కారు తుమ్మ ముండ్లు ఉంటే ఇగ ఆ పొద్దంతా వల కుట్టుడే. మా కాక నాకు నేర్పేటప్పుడు ఒకటే అనేటోడు: "ఇసురుడు గాదు బిడ్డా, అడుగు సూసుడు నేర్సుకో."

నేను వల పక్కన పెట్టింది ముండ్ల కోసం కాదు. 2016 నుంచి సర్కారు మన చెరువుల్ల ఉచితంగ చేపపిల్లలు వదులుతుంది. ఏడాదంతా నీళ్లుండే చెరువుల్ల వదిలే బొచ్చె, రవ్వు పిల్లలు 80 నుంచి 100 మిల్లీమీటర్లుంటయి. పరక కూడా ఇంచుమించు అంతే. పరకను ఆపే సన్న కన్ను వల ఆ పిల్లలను కూడా ఆపుతది. ఒకసారి నా వలల పరకల నడుమ గుప్పెడు బొచ్చె పిల్లలు కనబడ్డయి. విడిపించి నీళ్లల్ల వదిలేలోపే సగం తేలిపోయినయి. అవి పెరిగితే మత్స్య సహకార సంఘపోళ్ల ఏడాది తిండి. వాళ్లను అడగకుండ వల దించుడే తప్పు, అడిగినా ఈ నష్టం తప్పదు.

గాలానికి పడ్డ పిల్లను తడి చేత్తో పట్టి కొక్కెం తీసి వదిలితే బతికే పోతది. సామాను కూడా ఎంతని? సన్న వెదురు కట్టె, తంగీసు దారం, దొరికినవాటిల్ల అన్నిటికంటే చిన్న కొక్కెం, జొన్నసొప్ప బెండు. పరక మూతి చిన్నది కాబట్టి ఎర్ర (వానపాము) ముక్క బియ్యపు గింజంతే ఉండాలె. పెద్దగ గుచ్చితే చుట్టూ కొరుక్కొని తిని పోతది, నీ బెండు ఊగుకుంటనే ఉంటది. ముందుగాల వేయించిన తౌడు ముద్ద చేసి రెండు మూడు సార్లు ఒక్కచోటనే చల్లితే గుంపు ఆడనే నిలబడతది. బెండు పక్కకు జారంగనే మణికట్టుతోని చిన్నగ లేపాలె, గుంజొద్దు.

విశాఖ పోయొచ్చిన మా బావ ఆరు కొక్కేల దండ తెచ్చిండు, ఒక్కోదానికి మెరిసే ఈక. సముద్రంల కానగర్త చేపలు ఆ ఈకలను రొయ్యపిల్లలనుకొని ఉరికి పడతయి. మన పరక నాచు, పురుగు మెల్లగ కొరికి తినేది, ఈక వెంట ఉరకదు. చెరువుల ఆ దండ తుంగకే ఎక్కువ చిక్కింది.

మత్తడి దుంకేటప్పుడు గంపలు అడ్డం పెట్టి పట్టుడు ఇంకో తీరు. ఎదురెక్కే చేపల్ల చానా వాటి కడుపు నిండ గుడ్లే ఉంటయి, నాచు పట్టిన రాళ్ల మీద కాలు జారితే మనిషి దక్కడు. దాని జోలికి నేను పోను.

గాలంతోని పొద్దంతా కూసున్నా అరకిలో పడితే ఎక్కువ. మా అమ్మకు మాత్రం అదే ఇష్టం. వల చేపలు రెండు కిలోలు తెచ్చిన నాడు బండ మీద బూడిదేసి రుద్దుకుంట చీకటి పడేదాక కూసునేది. అరకిలో అయితే ఒక్క గంటలనే కడిగి, చింతపులుసు పొయ్యి మీద పెట్టేస్తది.