ఆరు సీసాల సుగంధ తైలాలు: మూడేళ్లు వాడాక

లావెండర్, నీలగిరి, పుదీనా, టీ ట్రీ, నిమ్మగడ్డి, నారింజ. ఆరు గోధుమరంగు సీసాలు, ఒక్కోటి 10 మి.లీ. మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో సెట్టుగా 1,499 రూపాయలకు కొన్నాను. ఇంకో 1,800 పెట్టి డిఫ్యూజర్ (నీళ్లలో నూనె చుక్కలు వేస్తే గదంతా వాసన చిమ్మే పరికరం) కూడా తెప్పించాను. అప్పటి నుంచి నీలగిరి మూడుసార్లు, లావెండర్ రెండుసార్లు అయిపోతే మళ్లీ కొన్నాను. పుదీనా అడుగుకి వచ్చింది. టీ ట్రీ సగం ఉంది. నారింజ పారబోశాను. నిమ్మగడ్డి సీసా మూత తీసింది రెండుసార్లే. ఏది పనికొచ్చిందో ఈ లెక్క కొంత చెప్తుంది గానీ, పూర్తిగా నమ్మకండి. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

నేనుండేది శ్రీకాకుళంలో, పుట్టిల్లు ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర పల్లె. ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస ఎంత గుర్తొస్తాయో కిడ్నీ జబ్బూ అంతే గుర్తొస్తుంది. మా వీధిలోనే డయాలసిస్‌కి తిరిగేవాళ్లున్నారు. అందుకే అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పారు, మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని మింగొద్దని. మరి నొప్పికి ఏం చేయాలి? అలా వెతుకుతుంటే ఈ నూనెలు కంటపడ్డాయి. సీసా చేతిలో పెడితే అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటే ఇది, అగ్గిపెట్టంత సీసాకి అంత డబ్బా? మన గట్టు మీద నీలగిరి చెట్లు లేవేటి?" అంది.

ఆ ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు. నీలగిరి చెట్లు మా జిల్లాలో ఎటు చూసినా ఉన్నాయి, కొన్ని జిల్లాల్లో జామాయిల్ అంటారు. అయితే వీటిని వేసేది ఎక్కువగా కర్ర కోసం, కాగితం మిల్లుల కోసం. మందుగా అమ్మే నీలగిరి తైలంలో సినియోల్ అనే పదార్థం కనీసం 70 శాతం ఉండాలని యూరప్ మందుల ప్రమాణాలు చెప్తాయి. ఏ రకం చెట్టు ఆకు నలిపినా నీలగిరి వాసనే అనుకుంటాం గానీ, రకాన్ని బట్టి లోపలి రసాయనం మారిపోతుంది. నిమ్మవాసన వచ్చే నీలగిరి రకం ఒకటుంది, దాంట్లో ప్రధానంగా ఉండేది సినియోల్ కాదు, సిట్రొనెల్లాల్.

ఈ సుగంధ తైలాలనే ఇంగ్లీషులో ఎసెన్షియల్ ఆయిల్స్ అంటారు. ఎసెన్షియల్ అంటే "తప్పనిసరి" అనుకుని చాలాకాలం మోసపోయాను. అది ఎసెన్స్ నుంచి వచ్చిన మాట, అంటే మొక్క వాసన సారం. దాన్ని ఎలా తీస్తారో మా ఊరి పక్కనే చూడొచ్చు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా, మొగలిపూల అత్తరుకి పేరున్న చోటు. బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఒక బట్టీ దగ్గర గంటసేపు నిలబడ్డాను. పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు. మూత అంచు చుట్టూ మట్టి మెత్తారు. కింద కట్టెల మంట. ఆవిరి ఒక గొట్టం గుండా వెళ్లి నీళ్ల తొట్టెలో కూర్చోబెట్టిన ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది, అక్కడ చల్లబడుతుంది. మట్టి ఎండి చిన్న బీట పడితే అక్కడి నుంచి వాసన గుప్పుమనేది. బట్టీ నడిపే ఆయన వెంటనే తడి మట్టి అద్ది మూసేసేవాడు. బీటలోంచి పోయేది ఆయనకి డబ్బే మరి. మొగలిలో వాసన ఉండేది మగపువ్వుకి. ఆ పూలను తూకం వేయరు, లెక్కపెట్టి కొంటారు.

పేరుకి నూనె అంటాం గానీ ఇందులో మన వంటనూనెలో ఉండే కొవ్వు ఉండదు. అందుకే ఆవిరైపోతుంది. తెల్ల కాగితం మీద చుక్క వేసి మర్నాడు చూడండి, జిడ్డు మరక మిగిలితే అందులో మామూలు నూనె ఏదో కలిసినట్టే. తిరనాళ్లలో చవగ్గా వచ్చిందని కొన్న "లావెండర్" అలాగే మరక వేసింది. మరక లేకపోతే అసలుదే అనీ చెప్పలేం. లావెండర్‌కి వాసననిచ్చే లినలూల్ అనే పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి కలిపినా కాగితానికి తెలియదు, ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రఫీ (ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే పరీక్ష) చేయాలి. నేను ఆన్‌లైన్‌లో కొన్న సెట్టు మీద "నూరు శాతం స్వచ్ఛం" అని ఉంది. పరీక్ష రిపోర్టు అడుగుతూ రెండుసార్లు మెయిల్ పెట్టాను. జవాబుగా పది శాతం డిస్కౌంట్ కూపన్ పంపించారు.

లావెండర్ సంగతి. రాత్రి డిఫ్యూజర్‌లో నాలుగు చుక్కలు వేసుకుని పడుకుంటే హాయిగా ఉండేది. వాసనకీ మనసుకీ సంబంధం ఉందన్నది నిజమే. ముక్కు పైభాగంలో వాసనలు పట్టే గ్రాహకాలు మనిషికి సుమారు 400 రకాలున్నాయి. వాటి జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. చూపు, వినికిడి మెదడు మధ్యలోని థాలమస్ అనే స్టేషన్ దగ్గర ఆగి వెళ్తాయి. వాసన అలా ఆగకుండా భయం, ఇష్టం, జ్ఞాపకం పుట్టే భాగాలకి దగ్గరి దారిలో పోతుంది. బీరువా తీయగానే చీరల మడతల్లోని మొగలిరేకు వాసనకి మా అమ్మమ్మ కళ్లముందు నిలబడేది అందుకే.

అక్కడి నుంచి "లావెండర్ నిద్ర పట్టిస్తుంది" అనే మాట దాకా చాలా దూరం ఉంది. మా ఇంట్లోనే ఒక ముచ్చట జరిగింది. సీసా అయిపోయిన సంగతి నాకు చెప్పకుండా మా అబ్బాయి వారం రోజులు డిఫ్యూజర్‌లో ఉత్త నీళ్లు పోశాడు. నేనేమో రోజూ పొద్దున్నే "అబ్బ, ఏం నిద్రరా" అంటూనే ఉన్నాను. దిండుకీ, ఆ ప్లాస్టిక్ గిన్నెకీ పట్టిన వాసన ఎలాగూ ఉంది. పైగా ఏ వాసనైనా కొద్దిసేపటికి ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది, కాబట్టి తేడా తెలియలేదు. అరోమాథెరపీ (వాసనలతో చేసే చికిత్స) మీద పరిశోధనలు చేసేవాళ్లకీ ఇదే తలనొప్పి. మాత్రకైతే ఉత్తుత్తి మాత్ర ఇవ్వొచ్చు, వాసనని ఎలా దాస్తారు? జర్మనీలో ఆందోళనకి లావెండర్ నూనె 80 మి.గ్రా. క్యాప్సూల్ ఇచ్చి చేసిన ట్రయల్స్‌లో ఫలితం కనిపించింది. అది ప్రత్యేకంగా తయారుచేసి మింగించే మందు. దాన్ని చూపించి పీల్చే సీసా అమ్మేస్తుంటారు. చదువుతున్నవాళ్లు ఈ తేడా పట్టుకోవాలి, సీసా నూనె మాత్రం తాగకూడదు.

ఇంత తెలిశాక కూడా లావెండర్ మళ్లీ కొన్నాను. టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, దీపం తగ్గించి పడుకోవడానికి అదొక గుర్తులా అలవాటైపోయింది.

పుదీనా, నీలగిరి జలుబుకి. ఇక్కడ నాకు నిజంగా ఆశ్చర్యం వేసిన విషయం ఒకటుంది. పుదీనా నూనెలోని మెంథాల్ (మన పచారీ కొట్లో దొరికే పుదీనా పువ్వు అదే) పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది కదా. గాలి ఎంత పోతోందో పరికరంతో కొలిచి చూస్తే ముక్కు ముందు ఎంత బిగుసుకుందో అంతే ఉంది! చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎమ్8 అనే గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుంది, చల్లగాలి ఆడుతోందని మెదడు అనుకుంటుంది. ఆ గ్రాహకాన్ని 2002లో గుర్తించారు. ఆ పనిలో ఉన్న డేవిడ్ జూలియస్‌కి, ఆర్డెమ్ పటపూటియన్‌కి స్పర్శ, ఉష్ణం మీద చేసిన పరిశోధనలకి 2021లో నోబెల్ ఇచ్చారు. ముక్కు బిగుసుకుపోయి అర్ధరాత్రి కూర్చున్నవాడికి ఆ అనిపించడమే చాలా పెద్ద ఉపకారం, కాదనను. జబ్బు తగ్గిందని మాత్రం అనుకోవద్దు.

నీలగిరి గురించి ఒక హెచ్చరిక. దీన్ని ఇంట్లో అందరూ మంచినీళ్లలా వాడతారు. చిన్నపిల్లలు కొద్ది మిల్లీలీటర్లు మింగినా ఫిట్స్ రావొచ్చు, స్పృహ తప్పొచ్చు. కర్పూరమూ అంతే. ఫిట్స్ జబ్బున్నవాళ్లు ఈ రెండింటి విషయంలో డాక్టర్ని అడగాలి. పక్కింటి పాప ఒకసారి మా సీసా మూత నోట్లో పెట్టుకుంది. అదృష్టం, మూతే. ఆ రోజు నుంచే సీసాలన్నీ పై అరకి ఎక్కాయి.

టీ ట్రీ (మన తేయాకు కాదు, వేరే చెట్టు ఆకుల నూనె): మొటిమలకి 5 శాతం టీ ట్రీని బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద చూశారు. రెండూ పనిచేశాయి, టీ ట్రీ నెమ్మదిగా. మా అమ్మాయి ఆ "5 శాతం" వదిలేసి నేరుగా సీసాలోంచి దూదితో అద్దుకుంది, బుగ్గ మీద రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలింది. ఒక మి.లీ. అంటే దాదాపు 20 చుక్కలు. ఒంటికి రాసుకునేదానికి 30 మి.లీ. కొబ్బరినూనెలో 12 చుక్కలు వేస్తే రెండు శాతం అవుతుంది, అంతకి మించొద్దు.

నారింజని ఎందుకు పారబోశానంటే, దాన్ని వంటింటి కిటికీలో పెట్టడం నా తప్పు. మన ఎండలకి రెండు వేసవులు గడిచేసరికి వాసన పాత వార్నిష్‌లా మారింది, డ్రాపర్ రబ్బరు జిగురైపోయి వేలికి అంటుకుంది. నారింజలో ఎక్కువగా ఉండే లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థాలవుతాయి. లావెండర్‌లోని లినలూలూ అంతే. చీకట్లో, చల్లగా, మూత బిగించి పెట్టాలి. డిఫ్యూజర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మా బోరు నీళ్లకి అడుగున తెల్లగా పొర కడుతుంది, వారానికోసారి నిమ్మకాయతో తోమాలి. రెండో ఏట గిన్నె పగిలింది. మళ్లీ కొనను.

ఇక అసలు కొన్న పని, అమ్మ మోకాళ్లు. కొబ్బరినూనెలో పుదీనా కలిపి రాస్తే చల్లగా ఉండేది, తర్వాత కాస్త నడిచేది. ఆరు నెలలకి నేనే తెలివి ఎక్కువై ఇంకో కంపెనీ రోల్ ఆన్ (చర్మం మీద దొర్లించి రాసుకునే నూనె సీసా) తెచ్చాను. "మందులు లేవు, అంతా ప్రకృతి" అని పెద్ద అక్షరాల్లో ఉంది. నిజంగానే బాగా పనిచేసింది. అమ్మ రోజుకి నాలుగైదుసార్లు రాసుకోవడం మొదలుపెట్టింది. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారు "ఏమైనా రాస్తున్నారా?" అని అడిగితే గర్వంగా బ్యాగులోంచి తీసి చూపించాను. ఆయన వెనక్కి తిప్పి, చీమల్లాంటి అక్షరాల్లో ఒక మాట మీద గోరు పెట్టారు: వింటర్‌గ్రీన్. అదొక మొక్క, దాని నూనె దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే, ఆస్పిరిన్ అనే నొప్పి మాత్రకి దగ్గరి చుట్టం. ఒక టీస్పూన్ వింటర్‌గ్రీన్ నూనె సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. చర్మం మీద కాస్త రాస్తే లోపలికి వెళ్లేది తక్కువే. అయినా రోజుకి నాలుగైదుసార్లు, అదీ కిడ్నీల గురించి భయపడుతూ! ఏ మాత్రల నుంచి తప్పించుకోవాలని బయల్దేరానో వాటి చుట్టాన్నే డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం అని ఆయనే చెప్పారు.

అమ్మ పరీక్షలు బాగానే వచ్చాయి. రోల్ ఆన్ తీసేసి మళ్లీ కొబ్బరినూనె, పుదీనాకే వచ్చాం. ఎంత వాడుతోందో తెలియాలని సీసా మీద పెన్నుతో గీత గీసి వచ్చాను. మొన్న సంక్రాంతికి వెళ్లి చూస్తే నూనె గీత దగ్గరే ఉంది.

"రాసుకోవట్లేదా?" అన్నాను.

"నాకు నేను రాసుకుంటే ఏటి తగ్గుతాదే" అని మంచం మీద కాళ్లు చాపింది.