లేక్ డిస్ట్రిక్ట్‌లో సెలవులు: దేనికి ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

ఇంగ్లండ్ పల్లెటూళ్లు చూడాలంటే మనవాళ్లు ముందు కాట్స్‌వోల్డ్స్ పేరు చెబుతారు. లండన్‌కు దగ్గర, పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. చేతిలో నాలుగైదు రోజులుంటే మాత్రం నా ఓటు ఉత్తరాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కే. గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు మేం వెళ్లింది అక్కడికే. అక్కడ మనసుకు పట్టినవి చాలావరకు టికెట్ లేనివే. డబ్బు పెట్టాల్సింది బసకు.

లండన్ యూస్టన్‌లో రైలెక్కితే మూడు గంటల్లోపే ఆక్సెన్‌హోమ్. అక్కడ చిన్న రైలు మారితే విండర్‌మియర్ ఊరు. చాలామంది అక్కడే, పక్కనున్న బోనెస్‌లోనే మకాం పెడతారు. అదే పేరుతో ఉన్న, 17 కిలోమీటర్ల పొడవైన విండర్‌మియర్ ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద సరస్సు, అందులో సందేహం లేదు. కానీ వేసవిలో బోనెస్ ఒడ్డున జనం, ఐస్‌క్రీమ్ క్యూలు, పార్కింగ్ కోసం చక్కర్లు. పడవెక్కి ఓ పూట గడిపితే చాలు. బస మాత్రం ఇంకాస్త ఉత్తరాన, కెజిక్ ఊళ్లో పెట్టుకోండి.

విండర్‌మియర్ నుంచి కెజిక్‌కు 555 నంబర్ బస్సు ఉంది. డబుల్ డెక్కర్ వస్తే పైఅంతస్తులో ముందు సీటు వదలొద్దు. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో 2025 జనవరి నుంచి ఒకవైపు ప్రయాణానికి 3 పౌండ్లకు మించి తీసుకోవడం లేదు. ఆ డబ్బుకు ఇంతకంటే మంచి టూర్ దొరకదు. గ్రాస్‌మియర్ ఊరు దాటాక దారిలో థర్ల్‌మియర్ కనిపిస్తుంది. చూడ్డానికి మామూలు సరస్సులా ఉంటుంది కానీ అది రిజర్వాయర్. 1894 నుంచి అక్కడి నీళ్లు పంపుల్లేకుండా, కేవలం వాలు మీదే, దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించి మాంచెస్టర్ చేరుతున్నాయి. ఇరిగేషన్‌లో రిటైరైన మామయ్యగారికి సరస్సు అందం కంటే ఈ సంగతే ఎక్కువ నచ్చింది. కారుంటే సౌకర్యమే, కాదనను. అయితే చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోవాల్సింది మనమే. హార్డ్‌నాట్ పాస్ అనే కొండదారిలో కొన్నిచోట్ల మూడు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కాలి. అటు నేను వెళ్లను, మిమ్మల్నీ వెళ్లమనను.

కెజిక్ పక్కనే డెర్వెంట్‌వాటర్ సరస్సు. లాంచీ సరస్సు చుట్టూ తిరగడానికి దాదాపు 50 నిమిషాలు పడుతుంది. మధ్యలో రేవుల్లో దిగి, నడిచి, తర్వాతి లాంచీ ఎక్కొచ్చు. పైసా వసూల్ అంటే ఇదే. హాస్ ఎండ్ రేవులో దిగితే 451 మీటర్ల క్యాట్‌బెల్స్ కొండకు దారి. ఎత్తు తక్కువే కదా అనుకుంటాం గానీ, శిఖరం దగ్గర చేతులు కూడా వాడి ఎక్కాల్సిన రాళ్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దు. వాళ్లకు లాంచీల రేవు నుంచి సరస్సులోకి పొడుచుకొచ్చిన ఫ్రయర్స్ క్రాగ్ రాతిగుట్ట దాకా చదునైన బాట ఉంది. అత్తయ్యగారు రోజూ సాయంత్రం అక్కడికే. ఊరి బయట గుట్ట మీద కాసిల్‌రిగ్ రాతి వలయం, దాదాపు 5,000 ఏళ్ల నాటిది, 38 రాళ్లు. కంచె లేదు, టికెట్ లేదు. చుట్టూ కొండలు, రాళ్ల మధ్య గొర్రెలు.

ఆ గొర్రెల్ని కాస్త గమనించండి. హెర్డ్‌విక్ జాతివి. నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ ఒళ్లు బూడిదరంగుకు తిరుగుతుంది, మొహం తెల్లబడుతుంది. పొలాల మధ్య గోడలు ఇంకో వింత. రెండు వరసల రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కూరి, అక్కడక్కడా రెండు వరసల్నీ పట్టి ఉంచేలా పొడవాటి రాయి అడ్డంగా పెడతారు. సిమెంట్ లేదు, సున్నం లేదు. “మరి ఇన్నేళ్లు ఎట్లా నిలబడిందంటావ్?” అని మామయ్యగారు ప్రతి గోడ దగ్గరా ఆగి చేత్తో తట్టి చూశారు. గోడలోంచే మూడు నాలుగు రాళ్లు బయటికి పొడుచుకొచ్చి మెట్లవుతాయి, అవెక్కి అవతలికి దిగాలి. పసుపు బాణం గుర్తున్న బాట రైతు పొలంలోంచి వెళ్లినా నడిచే హక్కు మనకుంది. దాటిన గేటు మూసేయడం, గొర్రెల జోలికి పోకపోవడం మన వంతు.

బస విషయానికొస్తే, పెద్దవాళ్లతో వెళ్తే వంటిల్లున్న కాటేజీయే నయం. గదీ పొద్దుటి టిఫినూ కలిపి ఇచ్చే బీ అండ్ బీల్లో బ్రేక్‌ఫాస్ట్ ఘనంగానే పెడతారు, కానీ శాకాహారులకు బీన్స్, పుట్టగొడుగులు, టోస్ట్ రెండోరోజుకే మొహం మొత్తుతాయి. కుక్కర్, కందిపప్పు, ఆవకాయ మేం వెంట తీసుకెళ్లాం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురుంటుంది కాబట్టి టైం తెలియదు. పబ్బుల్లో వంట మాత్రం ఎనిమిదిన్నర, తొమ్మిదికే ఆపేస్తారు. అప్పుడు ఆ కుక్కరే దిక్కు. అయితే కాటేజీ ఫోటోలు చూసి మురిసిపోవద్దు. మాకిచ్చిన దాంట్లో మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, బాత్‌రూమ్ పైన. యజమాని ఆ ముక్క ఎక్కడా రాయలేదు. అత్తయ్యగారు రాత్రిళ్లు మంచినీళ్లు తాగడమే మానేశారు. కింద పడకగది ఉందా, బాత్‌రూమ్ ఎక్కడ అని అడిగాకే డబ్బు కట్టండి. సీజన్‌లో చాలా కాటేజీలు వారం లెక్కనే ఇస్తారు.

వాన సంగతి దాచను. కెజిక్‌కు దగ్గర్లోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది, హైదరాబాద్ వానకు మూడు రెట్లు దాటి. గాలికి గొడుగు తిరగబడుతుంది, రెయిన్‌కోట్ కొనుక్కోండి. జీన్స్ తడిస్తే ఆరవు. మరీ జోరుగా కురిసే రోజుకు హోనిస్టర్ పలకరాతి గని టూర్ పెట్టుకోవచ్చు, నేల లోపలికి తీసుకెళ్తారు. లేదంటే పీటర్ రాబిట్ లాంటి పిల్లల కథలు రాసిన బీట్రిక్స్ పాటర్ ఇల్లు హిల్ టాప్. గదులు చిన్నవి, ఎవరికి ఏ టైమో ముందే ఇస్తారు, పిల్లల్లేకుంటే వదిలేసినా నష్టం లేదు. ఆవిడ 1943లో పోతూ 4,000 ఎకరాలకు పైగా, పాత కట్టడాల్నీ ప్రకృతి ప్రదేశాల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చారు, ఆ పొలాల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. ట్రస్ట్ సభ్యత్వం ఉంటే వాళ్ల కార్ పార్కులు ఉచితం. బస్సుల్లో తిరిగేవాళ్లయితే సభ్యత్వం తీసుకోకండి, గిట్టుబాటు కాదు.