జింక వేటలో ఏ డాలరు పనికొచ్చింది: తొమ్మిది సీజన్ల అనుభవం

మాడిసన్‌లో మా వీధిలోనే ఉండే ఒక తమ్ముడు మొన్న హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేసి నేరుగా మా ఇంటికి వచ్చాడు. "అన్నా, చేతిలో వెయ్యి డాలర్లున్నాయి. రైఫిల్ మీద ఎంత పెట్టమంటావు?" అని అడిగాడు. రైఫిల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాళ్ల సంగతి, కళ్ల సంగతి చూసుకోమన్నాను. ఎందుకలా అన్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విస్కాన్సిన్‌లో 2015 నుంచి 2023 దాకా తొమ్మిది గన్ సీజన్లు (తుపాకీతో వేటకు అనుమతించే రోజులు) వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్లాను. మొదటి మూడేళ్లూ ఉత్త చేతులతోనే తిరిగొచ్చాను. ఆ తర్వాతి ఆరేళ్లలో ఐదు జింకలు దొరికాయి. రైఫిల్ మాత్రం మొదటి రోజు నుంచీ అదే, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న .308 బోల్ట్ యాక్షన్. మారినవి వేరే.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఇక్కడ లైసెన్సు, ట్యాగ్ (ఒక్కో జింకకు ఇచ్చే అనుమతి చీటీ), సీజన్ తేదీలు అన్నీ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మీ పరిస్థితి ఏమిటో లాయరును అడిగి తెలుసుకున్నాకే షాపు గడప తొక్కండి.

నా డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది బూట్లు. ఇక్కడ గన్ సీజన్ నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది. పొద్దున సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం మామూలే. మొదటి రెండేళ్లు ఆఫీసుకు మంచులో వేసుకెళ్లే బూట్లతోనే వెళ్లాను. తొమ్మిదిన్నర కల్లా కాలివేళ్లు మొద్దుబారేవి, కదలకుండా కూర్చోవాల్సిన చోటు వదిలి వచ్చేసేవాణ్ని. 2017లో 160 డాలర్లు పెట్టి, లోపలి ఫెల్ట్ తొడుగును బయటికి తీసి ఆరబెట్టుకునే రకం బూట్లు కొన్నాను. మందపాటి ఉన్ని సాక్సులు వేసుకున్నా వేళ్లు కదిలేలా ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. నడిచేటప్పుడు పల్చటి సాక్సులు, చెట్టు దగ్గరికి చేరాక పొడి ఉన్ని సాక్సులు. చెమట పట్టిన కాలు ఎంత మంచి బూటులో ఉన్నా చల్లబడి తీరుతుంది.

దీనికీ జింక దొరకడానికీ సంబంధం ఏమిటంటే, పదకొండు గంటలప్పుడు అడవిలో ఉన్న మిగతా వేటగాళ్లు భోజనానికి లేచి కార్ల వైపు నడుస్తారు. ఆ అలికిడికి పడుకున్న జింకలు లేచి కదులుతాయి. నాకు దొరికిన ఐదింటిలో మూడు పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య వచ్చినవే. పాత బూట్లతో అయితే ఆ వేళకు నేను కారులో హీటర్ ముందు ఉండేవాణ్ని.

తర్వాతిది బైనాక్యులర్. మొదట చవకలో ఒక 10x42 కొన్నాను, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రెండో సీజన్‌లోనే లోపల ఆవిరి పట్టింది, పైన ఎంత తుడిచినా పోలేదు. 2019లో వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8x42 తీసుకున్నాను. ఆ కంపెనీ మా పక్కనే బార్నెవెల్డ్‌లో ఉంది. వర్షంలో, మంచులో ఐదు సీజన్లు వాడాను. అద్దాలు ఈరోజుకీ కొత్తవాటిలాగే ఉన్నాయి. పది రెట్ల కంటే ఎనిమిది రెట్లు ఎందుకు మేలంటే, 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది, 10తో భాగిస్తే 4.2. కంటికి చేరే వెలుగు వెడల్పు మిల్లీమీటర్లలో అంత. జింకలు తిరిగేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఆ మసక వెలుతురులో ఈ తేడా బాగా తెలుస్తుంది. పైగా దట్టమైన చెట్ల మధ్య చూపు వంద గజాలు కూడా పోదు, చేయి వణికితే పది రెట్లలో బొమ్మ నిలవదు. మెడకు కాకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీ కూడా కొనుక్కోండి, రోజంతా మోసినా మెడ లాగదు.

బైనాక్యులర్‌తో జింక మొత్తాన్ని వెతకొద్దు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా కనిపించే గీత కోసం చూడాలి, అది వీపు. చెవి ఒకసారి కదిలినా చాలు. రైఫిల్ స్కోప్‌తో అడవిని వెతకడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పొదలో ఉన్నది మనిషి అయితే మీరు అప్పటికే తుపాకీ అతని మీద పెట్టినట్టు.

తూటాల మీద ఖర్చు గురించి రాయడం నాకు కష్టం. 2016లో తొంభై గజాల దూరంలో ఒక డో (ఆడ జింక) నిలబడింది. అప్పటిదాకా కాల్పులు సాధన చేసే రేంజ్‌లో బల్లకు ఆనించి కాల్చడమే తప్ప మోకాలి మీద కూర్చుని కాల్చి ఎరగను. తూటా గుండె దగ్గర కాకుండా ఇంకా వెనక్కి తగిలింది. రక్తపు చుక్కలు వెంబడిస్తూ చీకటి పడేదాకా వెతికాను, మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. దొరకలేదు. అది ఎంత బాధపడి చచ్చిపోయి ఉంటుందోనన్న ఆలోచన ఇప్పటికీ పోదు. అప్పటి నుంచి ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో కనీసం నాలుగు పెట్టెలు, అంటే ఎనభై తూటాలు ప్రాక్టీసుకే ఖర్చుపెడతాను. కూర్చుని, మోకాలి మీద, కర్రల ఆసరాతో. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. అంత సైజు కాగితం పళ్లెం మీద వరుసగా ఐదు తగలకపోతే ఆ దూరం నాది కాదు అనుకుంటాను. తుపాకులు, తూటాల మీద ఒక ఫెడరల్ పన్ను ఉంది, రైఫిళ్లకూ తూటాలకూ 11 శాతం. 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు చాలావరకు వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది కాబట్టి నాకు ఆ ఖర్చు బరువనిపించదు.

మా తాతగారి జొన్నచేనులో మంచె ఉండేది, పిట్టల్ని తోలడానికి. ఇక్కడ నైరుతి విస్కాన్సిన్‌లోని డ్రిఫ్ట్‌లెస్ కొండల్లో ఒక రైతు తన పొలంలో నాకు మంచె కట్టుకోనిచ్చాడు. దానికి నిచ్చెన కింది నుంచే నడుముకు తగిలించుకునే తాడు, ఒంటికి వేసుకునే హార్నెస్ లేకుండా ఎక్కకండి. 2020లో మంచు పట్టిన మెట్టు మీద కాలు జారింది. తాడు పట్టుకుంది కాబట్టి మోకాలు గీరుకోవడంతో సరిపోయింది. హార్నెస్, తాడు రెండూ కలిపి వంద డాలర్లు దాటలేదు.

ఇక దండగ ఖర్చులు. ఆకుల డిజైన్ ఉన్న 340 డాలర్ల జాకెట్ కొన్నాను. గన్ సీజన్‌లో నడుము పైన వేసుకున్న దానిలో కనీసం సగం ఫ్లోరోసెంట్ ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలన్నది ఇక్కడి రూలు, కాబట్టి జాకెట్ ఆరెంజ్ వెస్ట్ కిందే ఉండిపోయింది. జింక కళ్లకు ఆరెంజ్ మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించదు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది, అందుకే వేట బట్టలకు నీలి మెరుపుతో తెల్లదనం పెంచే డిటర్జెంట్ వాడను. వాసన చంపే స్ప్రేలకూ మూడేళ్లు డబ్బు పోశాను. వాటి బదులు ఐదు డాలర్ల పౌడర్ సీసా చాలు, గాలి ఎటు పోతోందో చూపిస్తుంది. ఈ లోయల్లో ఎండెక్కాక గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడి కిందికి జారుతుంది. అందుకే పొద్దున కొండ పైభాగంలో, సాయంత్రం జింకలు వచ్చే దారికి దిగువన కూర్చుంటాను.

దొరికాక కూడా కొంత ఖర్చుంది. 2002లో ఈ రాష్ట్రంలో జింకలకు వచ్చే సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడింది. డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) ఉచితంగా పరీక్ష చేస్తుంది, ఫలితం వచ్చేదాకా మాంసం విడిగా ఫ్రీజర్‌లో పెట్టి ఆగుతాను. మామూలు తూటాల్లోని సీసం ముక్కలు పిల్లల పళ్లెంలోకి రాకూడదని 2021 నుంచి రాగి తూటాలకు మారాను. పెట్టె పదిహేను డాలర్లు ఎక్కువైనా ఈ విషయంలో వెనక్కి పోను.

తమ్ముడు చివరికి బూట్లు, బైనాక్యులర్, హార్నెస్ కొన్నాడు. మిగిలిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్ రైఫిల్ చూస్తున్నాడు. అది దొరికేదాకా నా రైఫిల్‌తోనే వచ్చే శనివారం రేంజ్‌లో మోకాలి మీద కూర్చోబెడతాను.