ఖరీదైన బోల్ట్ రైఫిల్లో డబ్బు ఎక్కడుంటుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లైసెన్సున్నవాళ్లు కొత్త బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి మూసేది) కొనాలంటే ఎక్కువగా చేతికొచ్చేది ఇషాపూర్ ఫ్యాక్టరీ .315. విదేశీ రైఫిల్ తెప్పించుకోవడం మామూలు లైసెన్సుదారుకి కుదరదు. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తరవాత సరదా వేట మాటే లేదు. కానీ సోంపేట నుంచో బొబ్బిలి నుంచో అమెరికా వెళ్లి, అక్కడి చట్టం ప్రకారం వేటాడే మనవాళ్లు అడిగేది ఒకటే. టిక్కా టీ3ఎక్స్ రైఫిల్‌కి రెట్టింపు పైన పెట్టి సాకో రైఫిల్ కొంటే ఏం ఒరుగుతుంది?

గురి విషయంలో పెద్దగా ఏమీ ఒరగదు. రెండూ ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో ఒకే కంపెనీ చేసేవే, రెండింటి బ్యారెళ్లూ సుత్తిపోటుతో సాగదీసినవే. తేడా మిగతా చోట్ల ఉంది. టిక్కాలో పొట్టి తూటాకీ పొడుగు తూటాకీ ఒకటే రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు గూడు), సాకోలో తూటా పొడవును బట్టి మారుతుంది. టిక్కా మ్యాగజైన్ ప్లాస్టిక్, సాకోది ఉక్కు. టిక్కా బోల్టుకి రెండు చెవులు (మూసినప్పుడు బోల్టుని బిగించి పట్టే లగ్గులు), సాకోకి మూడు. ఆపైన వాల్‌నట్ చెక్క, దాని నగిషీ. ఇవన్నీ నిజమైన విలువే, కాదనను. కానీ గుండు ఇంకా సూటిగా పోతుందనుకుని ఆ డబ్బు పెట్టొద్దు. ఆ మిగులు మంచి స్కోపుకీ, దాన్ని పట్టే మౌంట్లకీ పెడితే గురి నిజంగా బాగుపడుతుంది.

ఏ రైఫిలైనా కొట్లో చేతికివ్వగానే ముందు బోల్ట్ తెరిచి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి తడమాలి. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడు ఊగుతుంది, అది తప్పు కాదు. ముందుకు తోసేటప్పుడు మధ్యలో పట్టేసినా, ఇసుక నలిగినట్టు గరగరలాడినా లోపల మిల్లింగ్ గీతలు నున్న చెయ్యలేదన్నమాట. కొట్టువాడు ఒప్పుకుంటే చెవుల వెనక ముఖాలకి నల్ల మార్కర్ పూసి, బోల్టుని పదిసార్లు మూసి తెరవండి. సిరా అన్ని చెవుల మీదా చెరగాలి. ట్రిగ్గర్ కొక్కెం బోల్ట్ వెనక భాగాన్ని పైకి నెడుతుంది కాబట్టి పైచెవి కాస్త తక్కువ ముట్టడం మామూలే. ఒకటి అసలే ముట్టకపోతే మాత్రం ఆ రైఫిల్ పక్కన పెట్టెయ్యండి.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది చెక్కే, అంటే రైఫిల్ స్టాక్. పది రూపాయల నోటు మడతపెట్టి బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య దూర్చి రిసీవర్ దాకా జరపండి. ఎక్కడా అడ్డుపడకూడదు. తరవాత ముందుచెక్కని చేత్తో బ్యారెల్ వైపు గట్టిగా నొక్కి మళ్లీ జరపండి. చవక ప్లాస్టిక్ స్టాకయితే వంగి నోటుని పట్టేస్తుంది, అంటే బైపాడ్ (రెండుకాళ్ల ఊత) మీద పెడితే గుండు వేరే చోట పడుతుంది. వేసవిలో నోటు హాయిగా జారిన వాల్‌నట్ స్టాకే శ్రావణం ముసుర్లో ఉబ్బి బ్యారెల్‌ని ఆనుకుంటుంది. అప్పుడు స్కోప్ పాడైందనుకుని మరలు తిప్పేస్తారు. తప్పు చెక్కది. ఇంకో పరీక్ష: చెక్కా బ్యారెలూ కలిసే చోట వేలు ఆనించి, రిసీవర్‌ని చెక్కకి బిగించే మరల్లో ముందుది వదులు చెయ్యండి. బ్యారెల్ లేచినట్టు వేలికి తెలిస్తే, రిసీవర్ కింద కూర్చోబెట్టినది సరిగ్గా లేదు. అది ఫ్యాక్టరీ పని. ఖరీదైన రైఫిల్లో దాన్ని ఊరుకోకూడదు.

బ్యారెల్ మూతి అంచు మీద చెవి పుల్ల దూది తిప్పండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ బొడిపె ఉన్నట్టు. ట్రిగ్గర్ కిలోన్నర లోపు బరువుకి, మధ్యలో జరగకుండా, గాజుపుల్ల విరిగినట్టు తెగాలి. ఖాళీ రైఫిల్‌కి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి, తరవాత సేఫ్టీ తియ్యండి. టక్కున పిన్ను పడిందా, ఎంత తగ్గించినా కొనొద్దు.

గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో ఎమ్ఓఏ అనే కోణం కొలతలో చెబుతారు. ఒక ఎమ్ఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్లకంటే కాస్త పెద్దది. గుండ్లు అంతలోనే పడతాయన్న హామీ టిక్కా మూడు గుండ్లకే ఇస్తుంది, సాకో ఐదింటికి. ఇది చిన్న తేడా కాదు. మూడు గుండ్లు అదృష్టం కొద్దీ కూడా ఒకచోట పడతాయి. రేంజిలో ఐదేసి చొప్పున మూడు కాగితాలు కొట్టండి, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. మూడింటిలో చెడ్డదే ఆ రైఫిల్ అసలు లెక్క.

ఇషాపూర్ .315కి కూడా ఇవే కళ్లు పెట్టండి. అది లీ-ఎన్‌ఫీల్డ్ వంశం. చెవులు బోల్ట్ వెనక ఉంటాయి, స్ప్రింగు మూసేటప్పుడు బిగుస్తుంది కాబట్టి చివర్లో చెయ్యి బరువనిపిస్తే లోపం అనుకోవద్దు. కళింగపట్నం, బారువ వంటి తీరం ఊళ్లలో మాత్రం నల్ల పూత అందం చూసి మురిసిపోకండి. ఉప్పుగాలికి అది త్వరగా తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ కూడా కొంచెం ఆలస్యంగా అదే దారి పడుతుంది. చెయ్యి తగిలిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి. ఫోమ్ పెట్టె తడి పట్టి ఉంచుతుంది, తోలు సంచీ అంతే. వాటిలో మోసుకెళ్లండి గానీ, ఇంటికొచ్చాక బయటికి తీసి బీరువాలో నిలబెట్టండి.