లెక్క గ్రూపులో అడగాలా, ఎదురుగా కూర్చుని అడగాలా?

అనంతపురంలో మా పిల్లల బడి తల్లిదండ్రుల గ్రూపులో వార్షికోత్సవం చందాల మీద గొడవ వచ్చింది. షామియానా బిల్లు లేదు. రాత్రి పదింటికి ఒకాయన వాట్సాప్‌లో "మా దుడ్లు యాడికి పోయినాయి?" అని పెట్టారు. తెల్లారేసరికి లెక్క పక్కకు పోయి మాటలే మిగిలాయి. డబ్బులు చూసుకునే అక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది. గ్రూపులో అడిగితే అందరికీ తెలుస్తుంది, నిజమే. కానీ అనుమానం కూడా అంతే వేగంగా పాకుతుంది.

ఎదురుగా కూర్చోవడం వేరు. ఆదివారం నలుగురం ఆ అక్క ఇంటికి వెళ్లాం. చీటీలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ముందు పెట్టుకుని నోటుబుక్కులో ఒక్కో వరుసకూ టిక్కు పెట్టాం. పూలకొట్టు చీటీ వెనక పెన్సిల్‌తో రాసి, షామియానా ఆయన సంతకం పెట్టిన రసీదు దొరికింది! అక్క కళ్లు తుడుచుకుంది. నాకూ గొంతు పట్టేసింది.

నలుగురూ కుమ్మక్కయ్యారనే మాట రాకుండా ఆ పేజీ ఫొటో గ్రూపులో పెట్టాం. నా మటుకు ఇదే సరైన వరుస: ముందు కూర్చోవాలి, తర్వాత గ్రూపు.

ప్రభుత్వ బడి నిధుల లెక్కయితే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మనలో మనం వేసుకున్న చందాలకు ఆ దారి లేదు, చీటీలే దిక్కు. ఇప్పుడు మా దగ్గర ఇద్దరి సంతకం లేనిదే రూపాయి తీయడం లేదు.