జర్మనీలో చెల్లింపులు: కౌంటర్ దగ్గర చికాకు, ఖాతాలో నిశ్చింత

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో జర్మనీకి చదువుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. ఊళ్లో ఇడ్లీ బండి దగ్గర కూడా ఫోనుతో కట్టేవాళ్లం, ఇంత పెద్ద దేశంలో రొట్టెల దుకాణంవాడు చిల్లర అడుగుతాడేమిటని. చదువు రోజుల నుంచి ఉద్యోగం దాకా ఇక్కడి ఖాతాలతో, కార్డులతో, యాప్‌లతో వేగుతున్నవాడిగా నేను గమనించింది వేరు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు వెళ్లే దారి ఇక్కడ గట్టిది, కట్టేవాడికి రక్షణ ఎక్కువ. తలనొప్పంతా దుకాణం కౌంటర్ దగ్గరే, ఎందుకంటే అక్కడ ఎవరి పద్ధతి వారిదే.

ముందు నగదు సంగతి. బుండెస్‌బ్యాంక్, అంటే ఇక్కడి కేంద్ర బ్యాంకు, కొన్నేళ్లకోసారి జనం ఎలా చెల్లిస్తున్నారో సర్వే చేస్తుంది. 2017లో ప్రతి వంద చెల్లింపుల్లో 74 నగదులోనే జరిగాయి. 2021కి అవి 58కి, 2023కి 51కి తగ్గాయి. విలువ లెక్కన చూస్తే 2023లో నగదు వాటా నాలుగో వంతే. అంటే కాఫీకీ రొట్టెకీ నాణేలు, పెద్ద ఖర్చులకు కార్డు లేదా బ్యాంకు బదిలీ. నా కళ్లముందు జరిగిన మార్పు కూడా ఈ అంకెలతో సరిపోతుంది. కోవిడ్ వచ్చిన 2020లో పిన్ నొక్కకుండా కార్డు తాకించే పరిమితిని 25 యూరోల నుంచి 50కి పెంచారు. ‘పది యూరోల లోపు కార్డు తీసుకోము’ అనే కాగితాలు ఆ తర్వాతే ఒక్కొక్కటిగా గోడల మీద నుంచి దిగాయి. అన్నీ దిగలేదు. మా వీధిలో క్షౌరశాల, శనివారం కూరగాయల సంత, రైల్వే స్టేషన్ పక్క డోనర్ కబాబ్ కొట్టు ఇప్పటికీ నగదే అంటాయి. పన్ను లెక్కల్లో పడకుండా ఉండటానికే ఈ పట్టుదల అని జర్మన్లే నవ్వుతూ చెబుతారు. 2020 జనవరి నుంచి కంప్యూటర్ గల్లాపెట్టె ఉన్న ప్రతి దుకాణమూ రసీదు ఇచ్చి తీరాలన్నారు గానీ, కార్డు తీసుకోవాలని ఎవరూ అనలేదు. నగదుతో పాటు కనీసం ఒక డిజిటల్ మార్గమైనా ఉండేలా దశలవారీగా చూస్తామని 2025లో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వం తన ఒప్పందంలో రాసుకుంది.

అయితే పన్ను ఎగవేత ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. సూపర్ మార్కెట్‌లో ఒక పెద్దావిడ పర్సు తెరిచి, నాణేలను కౌంటర్ మీది చిన్న పళ్లెంలో ఒక్కొక్కటిగా పేర్చి, చివరి రెండు సెంట్ల కోసం పర్సు అడుగున వెతుకుతుంటే వెనక వరుసలో ఒక్కరూ విసుక్కోరు. కొన్నది ఎవరికీ తెలియనక్కర్లేదన్న పట్టింపు ఇక్కడ నిజమైనది. యూరోకు ముందు ఇక్కడి కరెన్సీ అయిన, 2002లోనే చలామణీ నుంచి పోయిన మార్కు నోట్లను బుండెస్‌బ్యాంక్ ఈనాటికీ గడువు లేకుండా మార్చి ఇస్తుంది. అయినా దాదాపు 1200 కోట్ల మార్కులు ఇంకా జనం దగ్గరే ఉండిపోయాయి. ఏ అటకల మీద ఉన్నాయో!

ఇక కార్డులు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. జర్మనీకి సొంత డెబిట్ కార్డు వ్యవస్థ ఉంది, పేరు గిరోకార్డ్. పాత అలవాటు కొద్దీ దుకాణదారులు ‘ఈసీ కార్డు’ అంటారు. చలామణీలో ఉన్నవి సుమారు పది కోట్లు. ఇది జర్మనీ దాటితే పనిచేయదు. విదేశాల్లో వాడుకోవడానికి అదే కార్డు మీద మాస్ట్రో గుర్తు ఉండేది. 2023 జులై నుంచి మాస్ట్రోతో కొత్త కార్డులు ఇవ్వడం మాస్టర్‌కార్డ్ ఆపేసింది. దాంతో బ్యాంకులు రెండు దారులు పట్టాయి. కొన్ని గిరోకార్డ్ మీదే మాస్టర్‌కార్డ్ లేదా వీసా డెబిట్‌ను జతచేశాయి. ఆన్‌లైన్ బ్యాంకులు చాలావరకు వీసా లేదా మాస్టర్‌కార్డ్ డెబిట్‌ను ఉచితంగా ఇచ్చి, గిరోకార్డ్ కావాలంటే నెలనెలా రుసుము కట్టమన్నాయి.

నా మొదటి ఖాతా అలాంటి ఉచిత ఖాతానే. ఫోనుతో మెట్రో టికెట్ నుంచి విమానం టికెట్ దాకా అన్నీ అయ్యేవి. మున్సిపల్ కార్యాలయంలో నివాస పత్రానికి రుసుము కట్టబోతే మాత్రం యంత్రం నా వీసా కార్డును తిప్పికొట్టింది. ‘ఈసీ కార్డు లేదా?’ అని కిటికీ వెనక ఉద్యోగిని నన్ను జాలిగా చూసింది. చిన్న దుకాణాల్లోనూ ఇదే తంతు. గిరోకార్డ్‌కు వ్యాపారి చెల్లించే రుసుము తక్కువ, అందుకే కొందరు వేరేవి పెట్టుకోరు. కార్డు లావాదేవీల్లో బ్యాంకుల మధ్య రుసుముకు యూరోపియన్ యూనియన్ 2015లోనే డెబిట్‌కు 0.2 శాతం, క్రెడిట్‌కు 0.3 శాతం గరిష్ఠ పరిమితి పెట్టినా, పై ఖర్చులన్నీ కలిస్తే తేడా మిగిలే ఉంటుంది. ఇక హోటళ్లు, అద్దె కార్ల కంపెనీల దగ్గర కథ తిరగబడుతుంది. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే అడుగుతారు, గిరోకార్డ్‌ను కన్నెత్తి చూడరు. చివరికి నా జేబులో ఒక గిరోకార్డ్, ఒక క్రెడిట్ కార్డు, ఒక ఇరవై యూరోల నోటు స్థిరపడ్డాయి.

ఈ వ్యవస్థలో నాకు బాగా నచ్చింది లాస్ట్‌ష్రిఫ్ట్. మన ఆటో డెబిట్ లాంటిదే. కరెంటు, ఫోను, బీమా, నెలవారీ రవాణా టికెట్, అన్నింటికీ ఒకసారి ఐబాన్, అంటే దేశం అక్షరాలతో మొదలయ్యే ఖాతా నంబరు, ఇచ్చి సంతకం పెడితే చాలు, గడువు రోజున వాళ్లే తీసుకుంటారు. ‘అడిగినవాడికల్లా ఖాతా నంబరు ఇవ్వడమా?’ అని మనవాళ్లు గుండెలు బాదుకుంటారు. అక్కర్లేదు. ఇలా తీసుకున్న సొమ్మును ఎనిమిది వారాల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి రప్పించుకోవచ్చు. అసలు అనుమతే ఇవ్వకపోతే పదమూడు నెలల దాకా గడువుంది. సభ్యత్వం రద్దు చేసుకున్నాక కూడా ఒక వ్యాయామశాల నా ఖాతా నుంచి డబ్బు లాగింది. యాప్‌లో ఆ లావాదేవీని తెరిచి ‘తిరిగి ఇప్పించు’ మీట నొక్కాను. ఫోన్లు, ఫిర్యాదులు, టికెట్ నంబర్లు ఏవీ లేవు, డబ్బు వెనక్కి వచ్చేసింది. పొరపాటున యూపీఐలో పంపిన డబ్బు కోసం తిరిగినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. నిజంగా బాకీ ఉన్న బిల్లును ఇలా వెనక్కి లాగితే మాత్రం అపరాధ రుసుముతో సహా హెచ్చరిక లేఖ ఇంటికొస్తుంది. జర్మన్లు ఉత్తరాలు రాయడంలో ఎప్పుడూ అలసిపోరు.

ఇక్కడ ఒక మెలిక. ఐబాన్ మొదట్లో ఉండే దేశం అక్షరాలు ‘డీఈ’ కాకుండా లిథువేనియాదో ఇంకో దేశానిదో అయితే కొన్ని కంపెనీలు ఇప్పటికీ తీసుకోవు. యూరో ప్రాంతంలో ఏ దేశపు ఐబాన్‌నైనా అంగీకరించాలన్నది యూరోపియన్ చట్టం. నా స్నేహితుడు ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఒక ఫోను కంపెనీ వినలేదు. వాదించి గెలిచే ఓపిక లేక అతను జర్మన్ ఖాతా తెరిచాడు.

తక్షణ బదిలీ ఇప్పుడు నిజంగా తక్షణమే. పది సెకన్లలో డబ్బు చేరాలి, మామూలు బదిలీ కంటే ఎక్కువ రుసుము తీసుకోకూడదు. 2025 జనవరి 9 నుంచి యూరో ప్రాంతపు బ్యాంకులన్నీ ఇలా డబ్బు స్వీకరించాలి, అక్టోబరు 9 నుంచి పంపే వీలూ కల్పించాలి. ఆ రోజే పేరు సరిచూడటమూ మొదలైంది. మీరు టైపు చేసిన పేరు, ఆ ఐబాన్ యజమాని పేరు ఒకటేనా కాదా అని బ్యాంకు ముందే చెబుతుంది. మోసాలకు మంచి అడ్డుకట్టే, కానీ మన పేర్లకు పరీక్షే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో, రెండు ముక్కల పేరు కలిపో విడదీసో. మా తెలుగు స్నేహితులం పండగ భోజనం ఖర్చు పంచుకున్న ప్రతిసారీ సగం మందికి ‘పేరు పూర్తిగా సరిపోలలేదు’ అని హెచ్చరిక వస్తుంది. డబ్బు మాత్రం వెళుతుంది.

ఆన్‌లైన్‌లో కట్టడానికీ ఒకరికొకరు పంపుకోవడానికీ సొంత వ్యవస్థ కోసం జర్మన్ బ్యాంకులు పడిన పాట్లు చెప్పుకోవాలి. 2015లో పేడిరెక్ట్ తెచ్చారు, దాన్ని గిరోపేలో కలిపారు, 2024 చివరికి గిరోపేనే మూసేశారు. పేపాల్ మాత్రం చెక్కుచెదరలేదు. 2024 జులైలో ఫోను నంబరుతో డబ్బు పంపే వేరో అనే యాప్ వచ్చింది. ఈసారి జర్మనీ ఒక్కటే కాదు, ఫ్రాన్స్, బెల్జియం బ్యాంకులూ కలిశాయి. అటువైపు స్పార్కాసె, అంటే స్థానిక పొదుపు బ్యాంకు, ఖాతాదారుడు ఉంటే నా అనుభవం బాగుంది, నంబరు ఎంచుకుని పంపితే చాలు, డబ్బు నేరుగా ఖాతాకే వెళుతుంది. అవతలివాడి బ్యాంకు ఇంకా చేరలేదంటే మళ్లీ ఐబాన్ అడగాల్సిందే. దుకాణంలో క్యూఆర్ అతికించి ఉంటే స్కాన్ చేసి వెళ్లిపోయే సుఖం కోసం ఎదురుచూస్తున్నాను. మన యూపీఐతో సర్దుకుందామా అంటే, విదేశీ నంబర్లున్న ఎన్నారై ఖాతాలకు 2023 జనవరిలో అనుమతించిన మొదటి పది దేశాల్లో జర్మనీ లేదు.

కొత్తగా వచ్చేవాళ్లు ఏటీఎం విషయం కూడా తెలుసుకోవాలి. ముఠాలు పేలుడు పదార్థాలతో ఏటీఎంలు పేల్చి నగదు దోచుకోవడం ఇక్కడ పెద్ద బెడద, 2022 ఒక్క ఏడాదిలోనే 496 ఘటనలు నమోదయ్యాయి. అందుకని చాలా శాఖలు రాత్రి పూట ఏటీఎం గది తలుపులు మూసేస్తున్నాయి. రాత్రి బండి దిగి నగదు తీసుకుందామనుకుంటే కుదరకపోవచ్చు. పగలైతే ఏటీఎం వెతకడం కూడా అనవసరం. సూపర్ మార్కెట్‌లో కూరగాయలు కొని, బిల్లు కట్టేటప్పుడు గిరోకార్డ్ మీద యాభై యూరోలు నగదుగా కలిపి ఇవ్వమంటే, గల్లాలోంచి తీసి లెక్కపెట్టి చేతిలో పెడతారు.