సాగర్, డిండి, సోమశిల: ట్రయాథ్లాన్ ప్రాక్టీసుకు ఏ ఊరు బాగుంది?

నల్లగొండలో మా ట్రయాథ్లాన్ క్లబ్ చిన్నది. ఇద్దరు లెక్చరర్లు, ఒక నర్సు, ఒక కానిస్టేబుల్, ఎరువుల దుకాణం నడిపే అన్న, ఇంజినీరింగ్ చదివే కొందరు పిల్లలు, టీచరుగా పనిచేస్తున్న నేను. పరుగుకు మేకల అభినవ్ స్టేడియం ఉంది. సైకిల్‌కు పానగల్ దాటితే ఉదయసముద్రం చుట్టుపక్కల రోడ్లున్నాయి. ఇబ్బందంతా ఈతతోనే. ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్ అంటే 1,500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. పాతిక మీటర్ల కొలనులో ఆ ఈత పూర్తి చెయ్యాలంటే అరవై సార్లు ఈ గోడ నుంచి ఆ గోడకు పోవాలి. ప్రతి గోడ దగ్గరా కాలితో తన్నుకునే ఊపు దొరుకుతుంది, క్షణం ఊపిరి కూడా తీసుకోవచ్చు. చెరువులోనో సముద్రంలోనో ఆ గోడ ఉండదు, అడుగున గీత ఉండదు. మాలో చాలామంది ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావుల్లో, నడుముకు బెండు కట్టుకుని. బావి ధైర్యం నేర్పుతుంది. తలెత్తి దూరాన ఒక గుట్టనో గుడి గోపురాన్నో గురి పెట్టుకుని నేరుగా ఈదడం మాత్రం అక్కడ రాదు.

అందుకే డిసెంబర్‌లో క్లబ్ అంతా కలిసి కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లు చూసి రావాలనుకున్నాం. మామూలు యాత్రికులు వ్యూ చూస్తారు, ఏసీ చూస్తారు. మాకు కావాల్సింది పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా ఆ ఊరు ఎలా ఉంటుందన్నది. ఐదింటికి తినడానికేమైనా దొరుకుతుందా? సైకిల్‌ను గదిలో పెట్టుకోనిస్తారా? నీళ్లలో మా పక్కన ఎవరైనా ఉంటారా? తడిబట్టలతో బయటికొచ్చాక ఆడవాళ్లం మార్చుకోవడానికి చాటు ఉంటుందా? ఈ నాలుగు కుదిరిన ఊరే మాకు మంచి ఊరు.

నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు అరవై కిలోమీటర్ల పైచిలుకు. హాలియా, పెద్దవూర మీదుగా పోయే 565 జాతీయ రహదారి మీద సైకిళ్లెక్కాం. సామాను, అదనపు టైర్లు, నీళ్ల క్యాన్లు బొలెరో ట్రాలీలో వెనకాల వచ్చాయి. రోడ్డు బాగుంది, కానీ వానాకాలం కోతలు అయ్యాక ఈ ప్రాంతంలో ఎవరు సైకిల్ తొక్కినా ఒకటి గుర్తుంచుకోవాలి. రోడ్డు వారగా వడ్లు ఆరబోస్తారు, టార్పాలిన్లు గాలికి లేవకుండా రాళ్లు పెడతారు. తెల్లవారుజాము చీకట్లో ఆ రాళ్లు కనబడవు. సన్నటి టైర్ల రేసింగ్ సైకిల్ మీద వడ్ల గింజల్లోకి దిగితే పట్టు తప్పుతుంది. రైతుకు వేరే కల్లం లేక పోస్తున్నాడు, ఆయన్ని అనడానికేం లేదు. మనమే బాగా వెలుతురు వచ్చాక బయల్దేరాలి, ముందు సైకిల్‌కు గట్టి లైటు పెట్టుకోవాలి.

పంక్చర్ సంగతి కూడా ఇక్కడే చెప్తాను. దారిలో ప్రతి ఊళ్లో పంక్చర్ షాపుంది, పనివాళ్లు మంచివాళ్లు, ట్యూబు అతకడం చిటికెలో పని. కానీ మన సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు వాళ్ల గాలి పైపు పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ బైకు మెకానిక్ దగ్గరైనా గాలి కొట్టించుకోవచ్చు. హాలియా దాటాక మా పిల్లాడొకడి టైరు దిగిపోతే అదే ఆదుకుంది. ఆ మెకానిక్ డబ్బులు తీసుకోలేదు. "ఇంత దూరం తొక్కుకుంట పోతున్రు, చాయ్ తాగి పోండ్రి" అన్నాడు.

సాగర్‌లో సైకిల్‌కు, పరుగుకు దొరికినంత సుఖం ఈ యాత్రలో ఇంకెక్కడా దొరకలేదు. హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగే రోడ్డు, మళ్లీ పైకెక్కడం, డ్యాంకు దిగువన ఉన్న వంతెన దాకా పోయి తిరిగి రావడం: తొడలకు కావలసిన పని అంతా ఆ చుట్టులో ఉంది. ప్రాజెక్టు కట్టిన రోజుల్లో వేసిన కాలనీ వీధులు వెడల్పుగా, చెట్ల నీడతో ఉన్నాయి. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే ప్రాక్టీసును మేం బ్రిక్ అంటాం. మొదటి కిలోమీటరు కాళ్లు మనవి కావనిపిస్తుంది, దాన్ని అలవాటు చేసుకోవడానికే ఈ పని. హిల్ కాలనీలో బ్రిక్ చేస్తుంటే పొద్దున నడకకొచ్చిన పెద్దమనుషులు పక్కకు జరిగి దారిచ్చారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం ఇది. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఎదురుగా దాన్ని చూస్తూ చడావు ఎక్కుతుంటే అలసట ఎంతో కొంత తగ్గుతుంది.

ఈతకు మాత్రం సాగర్ వద్దు. డ్యాం దిగువన నీళ్లు ప్రశాంతంగా కనబడతాయి, కానీ పవర్‌హౌస్ నుంచి నీళ్లు వదిలితే కాసేపట్లోనే మట్టం, వేగం మారిపోతాయి. కాలువలు ఇంకా ప్రమాదం. ఎడమ కాలువలో నీటి వేగానికి తోడు గట్టు వాలుగా, నున్నగా ఉంటుంది. పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. కాలువలో ఎవరూ దిగకూడదని మా క్లబ్‌లో మొదటి నుంచీ నియమం. ఎంత బాగా ఈదేవాళ్లయినా సరే.

నీళ్లలో దిగని ఆ రోజు లాంచీలో నాగార్జునకొండకు పోయాం. మీరు వెళ్లేట్టయితే శుక్రవారం తప్ప చూసుకోండి, ఆ రోజు మ్యూజియం మూస్తారు. లాంచీ నడవడం కూడా నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. మునిగిపోయిన లోయలో 1,700 ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నీళ్లు నిండకముందే తవ్వి తీసిన శిల్పాలను ఆ దీవి మీద పెట్టారు. మా కుర్రాళ్లు బుద్ధవనం కూడా చూడాలని పట్టుబట్టారు. 2022లో తెరిచిన ఆ 274 ఎకరాల తోట నడకకు చాలా బాగుంది, కానీ తొమ్మిది లోపు పని ముగించుకోవాల్సిన మాలాంటి వాళ్లకు అది సాయంత్రం చూడాల్సిన చోటు.

బస విషయంలో ఒక చేదు అనుభవం. ఏ ఊళ్లో, ఏ లాడ్జి అన్నది ఇక్కడ అనవసరం. ఫోన్లో "సైకిళ్లు లోపల పెట్టుకోండి" అన్నవాళ్లు తీరా దిగాక టైల్స్ పాడవుతాయని మెట్ల కింద పెట్టమన్నారు. తాళం లేని చోటు, గేటు తెరిచే ఉంది. ఒక్కో సైకిల్ కొనడానికి మాలో కొందరు ఏళ్ల తరబడి చిట్టీలు కట్టారు. ఆ రాత్రంతా వంతులేసుకుని కాపలా కాశాం, పొద్దున ప్రాక్టీసు సగంలో వదిలేశాం. అందుకే ఇప్పుడు గది బుక్ చేసేటప్పుడే సైకిల్ మాట వాట్సాప్‌లో రాయించుకుంటున్నాం, చక్రాలు తుడవడానికి పాత బట్టలు మేమే తీసుకెళ్తున్నాం. పర్యాటక శాఖ వాళ్ల బసల్లో కింది అంతస్తు గది అడిగితే ఈ గొడవ తక్కువ. వరండా ఉన్న కాటేజీ దొరికితే ఇంకా మేలు.

దేవరకొండ మీదుగా డిండికి పోయాం. డిండి రిజర్వాయర్ హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పక్కనే ఉంటుంది. కార్లలో పోయేవాళ్లు ఆగి ఫొటోలు దిగే చోటు. భోజనం బాగుంది. శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద కార్ల వేగం చూశాక సైకిళ్లు కిందికి దింపలేదు.

అక్కడి నుంచి మన్ననూరు పోవాలన్నది మా కానిస్టేబుల్ తమ్ముడి కోరిక. నల్లమల ఘాట్ ఎక్కాలని అతనికి ఎప్పటి నుంచో ఉంది. సైకిల్‌కు ఆ ఎత్తు, ఆ నీడ, ఆ గాలి మరెక్కడా రావు. కానీ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర వాహనాలను వదలరు. ఆ నియమం ఉండాల్సిందే, ఆ వేళ రోడ్డు జంతువులది. కానీ ఆరు దాటాక శ్రీశైలం పోయే కార్లన్నీ ఒక్కసారిగా బయల్దేరుతాయి, వాటి మధ్యలో మలుపుల మీద సైకిల్ తొక్కాలి. పైగా దారి పొడుగునా జనం కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేస్తారు. జేబులో ఖర్జూరాలు పెట్టుకుని పోయే సైకిలిస్టును అవి దూరం నుంచే పసిగడతాయి. మేం సైకిళ్లను ట్రాలీలోనే ఉంచి అటవీ శాఖ వాహనంలో ఫరహాబాద్ వ్యూ పాయింట్ చూసి వచ్చాం. అడవిని అడవిగా చూడడానికి మన్ననూరులో ఒక రాత్రి ఉండండి. ప్రాక్టీసు కోసమైతే పోవద్దని నా మాట.

ఇక సోమశిల. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లకు అటూ ఇటూ. మామిడి తోటల మధ్య ఎత్తుపల్లాలుగా సాగే ఆ రోడ్డు పరుగుకు ఎంతో అనువు. దిగువన శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు. జలాశయంలో మునిగే చోటు నుంచి తెచ్చి నిలబెట్టిన గుళ్లు ఒడ్డున ఉన్నాయి, లలితాంబికా సోమేశ్వరస్వామి పూజలు నిత్యం జరుగుతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో పైనుంచి వరద వచ్చినప్పుడు నీళ్లు ఎర్రగా, చెత్తతో ఉంటాయి. వేసవికి వెనక్కి తగ్గి మోకాలి లోతు బురద మిగులుతుంది. నవంబర్ నుంచి జనవరి దాకా నీళ్లు తేటగా, నిలకడగా ఉంటాయి.

ఇక్కడే మేం ఈదాం. కృష్ణలో మొసళ్లున్నాయి, ఆ మాట దాచి ఎవరికీ సోమశిల గురించి చెప్పకూడదు. అందుకని వెళ్లగానే స్థానిక అధికారులను అడిగాం, తర్వాత చేపలు పట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడాం. ఎక్కడ కనబడ్డాయి, ఏ మడుగు వైపు పోకూడదు, ఏ వేళ దిగకూడదు అన్నీ వాళ్లకు తెలుసు. ఒక పెద్దాయన తన పుట్టి తీసుకుని పక్కన వస్తానన్నాడు. "చీకట్ల మాత్రం దిగనియ్య బిడ్డా. ఎండ పొడ పడినంక దిగుండ్రి. నేను చెయ్యి ఊపితె మాట్లాడకుంట ఒడ్డుకు రావాలె" అన్నాడు. మా కోచ్ కూడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి ఒక్కరం నడుముకు కాషాయం రంగు గాలిబుడ్డ కట్టుకున్నాం. గట్టుకు దగ్గరగా, దానికి సమాంతరంగా, గుడి గోపురాన్ని గురిగా పెట్టుకుని పోయి వచ్చాం. ప్రతి పది పన్నెండు బారలకు ఒకసారి కళ్లెత్తి చూడడం, పక్కవాడి కాళ్ల నురగలో ఊపిరి తీసుకోవడం, అల చెంపకు కొట్టినా కంగారు పడకపోవడం: కొలనులో నెలల తరబడి చెప్పినా రానివి ఒక్క ఉదయంలో ఒంటికి పట్టాయి. మా నర్సు అక్క మొదట నడుము లోతులోనే నిలబడింది, పుట్టి పక్కన చేరాక ఈదింది. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 అనే పెద్ద ట్రయాథ్లాన్ పోటీకి పోవాలని ఆమెకు ఆశ. అందులో సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదాలి, ఆ తర్వాత 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఒడ్డుకొచ్చాక ఆమె ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

తిండి విషయంలోనూ సోమశిలే ముందు. ఒడ్డున చిన్న హోటల్ నడిపే అమ్మను ముందురోజు రాత్రి అడిగితే, "ఐదింటికే ఏం తింటరు బిడ్డా" అని ఆశ్చర్యపోయింది, కానీ చెప్పిన వేళకు జొన్నరొట్టె, పల్లీల చట్నీ, రాగిజావ సిద్ధం చేసింది. ఈతకు ముందు జావ ఒక్కటే తాగాలి, రొట్టె తర్వాతే. మధ్యాహ్నం అప్పుడే పట్టిన చేపల వేపుడు. చెరో చెయ్యి వేసి గిన్నెలు ఖాళీ చేశాం.

లోటూ ఉంది. ఒడ్డున బట్టలు మార్చుకునే గది మాకు కనబడలేదు. స్నానాల రేవు ఉన్న గుడి దగ్గర ఆడవాళ్లకు నాలుగు గోడలు కట్టడం పెద్ద ఖర్చేం కాదు, భక్తులకూ అది కావాలి. మేం రెండు చీరలు, నాలుగు కర్రలతో చాటు కట్టుకున్నాం. ఈ సంగతి పంచాయతీకి క్లబ్ తరఫున రాసిచ్చాం. దగ్గర్లో పెద్ద ఆసుపత్రి లేదు కాబట్టి ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఒక వాహనం ఎప్పుడూ ఒడ్డునే సిద్ధంగా ఉంచండి.

తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూల్ మీదుగా మహబూబ్‌నగర్ వచ్చాం. పిల్లలమర్రిని దూరం నుంచి చూశాం. మూడెకరాలు పరుచుకున్న ఆ ఏడు వందల ఏళ్ల చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. ఊరి బయటి ఎకో పార్కు రెండు వేల ఎకరాలకు పైనే, మట్టి దారుల్లో కాళ్లకు దెబ్బ తగలకుండా ఎంతసేపైనా పరుగెత్తొచ్చు. పాలమూరు వాళ్ల మీద నాకు అసూయ కలిగింది.

ఇప్పటికి మేం అనుకున్నది ఇది: సైకిల్, బ్రిక్ ప్రాక్టీసుకు నెలకోసారి సాగర్, ఈతకు చలికాలంలో సోమశిల. వచ్చే చలికాలం వెళ్లేముందు ఆ పెద్దాయనకు ఫోన్ చెయ్యాలి, ఆయన ఖాళీగా ఉన్న తేదీలు చూసుకునే గదులు బుక్ చేస్తాం. కోయిల్‌సాగర్ కూడా బాగుంటుందని దేవరకద్ర వైపు మిత్రులు చెప్తున్నారు. అక్కడ నీళ్లు నిలకడగా ఉన్నాయని తేలితే ఫిబ్రవరిలో ఒకసారి పోయి చూస్తాం.